కట్ట కదలదు, నీళ్లు కదులుతాయి

హిందూపురం

ఉదయం తొమ్మిది గంటలు. హిందూపురానికి దగ్గర్లోని ఒక పల్లెలో, రోడ్డు మీదికి తలుపు తెరిచిన చిన్న గదిలో మీరు నిలబడి ఉన్నారు. బయట పట్టుగూళ్ల మూటలు వేసుకుని ఒక ఆటో మార్కెట్ దిక్కుకు పోతోంది. లోపల బల్ల మీద ల్యాప్‌టాప్, దాని ముందు పాతికేళ్ల గ్రామ సర్వేయరు అమ్మాయి. మీ పక్కన, భుజాన తువ్వాలుతో ఒక పెద్దాయన. ఆయనకు కొంచెం మల్బరీ తోట ఉంది. పక్క పొలంవాళ్లు డ్రిప్ పైపులు పరుస్తున్నారు. గట్టు ఎక్కడిదాకా తనదో చూసుకుందామని వచ్చాడు.

తెర తెల్లగా ఉంది.

ఒక మూల నుంచి డ్రోన్ తీసిన చిత్రం ముక్కలు ముక్కలుగా పరుచుకుంటోంది. ఎర్రనేల, మల్బరీ సాళ్ల పచ్చదనం, నల్లటి చుక్కలా బావి. దాని మీదికి పొలాల హద్దులు వస్తాయి. వాటి వెనక నంబర్లు, ఆ తర్వాత వంక, కాలువ, బండిబాట, చివరగా ఊళ్ల పేర్లు. మొత్తం పటం కుదురుకుంటుండగానే పెద్దాయన తెరకేసి వేలు చూపిస్తాడు. "తూర్పు పక్కకు జరుపు మ్మా." ఆమె మౌస్ కదుపుతుంది. తెర మళ్లీ తెల్లబడుతుంది.

"ఏం మ్మా, ఇంగా రాలేదా?"

"వస్తాది తాతా, రోంత ఆగు."

ఆ తెల్లదనం వెనక ఏం జరుగుతోందో చూడండి. తెర మీద ఒకే పటంలా కనిపిస్తున్నది నిజానికి ఒకదానిమీద ఒకటి పేర్చిన పొరలు. ఒక్కో పొర ఒక్కో ఫైలు. సాఫ్ట్‌వేర్ ప్రతి ఫైలునూ తెరవాలి. ఈ చట్రంలోకి వచ్చే గీతలేవో వెతకాలి. వాటి అక్షాంశ రేఖాంశాలను తెర మీది చుక్కలుగా మార్చి రంగు వేయాలి. పేర్లు ఒకదానిమీద ఒకటి పడకుండా సర్దాలి. అన్నీ అయ్యాక పొరలను కలిపి ఒకే బొమ్మ చేయాలి. పెద్దాయన "జరుపు" అన్న ప్రతిసారీ ఇదంతా మొదటినుంచీ. క్షణం కిందట చూసిన వంకే, అదే బావే. అయినా యంత్రం వాటిని తొలిసారి చూస్తున్నట్టే మొదలుపెడుతుంది.

అన్నిటికన్నా బరువైన పొర డ్రోన్ చిత్రం. 2020 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మొదలయ్యాక ఇలాంటి చిత్రాలు పల్లెపల్లెకూ చేరాయి. ఒక్కో చుక్క నేల మీద 5 సెంటీమీటర్లు అనుకోండి. అప్పుడు చదరపు కిలోమీటరుకు 20,000 వరసలు, వరసకు 20,000 చుక్కలు, మొత్తం 40 కోట్లు. పది చదరపు కిలోమీటర్ల ఊరికి 400 కోట్లు. చుక్కకు మూడు రంగుల లెక్కన కుదించకుండా ఉంచితే 12 జీబీ. ఇంత చదివి చివరకు చూపించాల్సిన తెరలో ఉన్నవేమో సుమారు 20 లక్షల చుక్కలే.

పెద్దాయన టీ తాగొస్తానని బయటికి వెళ్తాడు. ఆ కాస్త వ్యవధిలో ఆమె చేతుల వేగం చూడండి.

ఆమె వాడుతున్నది క్యూజీఐఎస్. 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. అమరికల్లోకి వెళ్లి రెండరింగ్ పేజీ తెరుస్తుంది. గీసిన పొరలను కాష్‌లో, అంటే మళ్లీ వాడుకునే దాపులో, దాచుకొమ్మని చెప్పే గడి ఒకటి అక్కడ ఉంది. మామూలుగా దానికి టిక్కు ఉండాలి, ఈ యంత్రంలో తీసేసి ఉంది. పెడుతుంది. దాని పక్కనే పొరలన్నిటినీ ప్రాసెసర్ కోర్లకు పంచి ఒకేసారి గీయించే గడి. ఆ సౌకర్యం 2014లో, 2.4 వెర్షన్‌తో వచ్చింది. దానికీ టిక్కు పెడుతుంది. ఇప్పుడు కాలువల పొరను ఆపి మళ్లీ వేసి చూస్తుంది. తెర తెల్లబడదు. మిగతా పొరల బొమ్మలు జ్ఞాపకంలో సిద్ధంగా ఉన్నాయి, పేర్చడమే పని. హద్దుల రంగు ఎరుపు నుంచి పసుపుకు మారుస్తుంది. హద్దుల పొర ఒక్కటే మళ్లీ గీసుకుంటుంది, దాని కింద డ్రోన్ చిత్రం అలాగే నిలిచి ఉంది.

కానీ చట్రాన్ని పక్కకు జరపగానే ఆ దాపు చెల్లదు. దాచింది ఆ చట్రానికి, ఆ స్కేలుకు గీసిన బొమ్మ. కొత్త చోటికి కొత్త బొమ్మ కావాలి. అందుకే ఆమె అక్కడితో ఆగదు.

డ్రోన్ చిత్రానికి పిరమిడ్లు కట్టమంటుంది. చిత్రాన్ని సగానికి, సగంలో సగానికి, ఆపైన ఇంకా తగ్గిస్తూ చిన్న ప్రతులు తయారుచేసి పెట్టుకోవడమే ఆ పని. ప్రతి మెట్టులో చుక్కలు నాలుగో వంతు అవుతాయి కాబట్టి ఎన్ని మెట్లు కట్టినా అదనంగా పట్టే చోటు అసలులో మూడో వంతుకు మించదు. ఇక ఊరంతా ఒకేసారి చూపమంటే 400 కోట్ల చుక్కల జోలికి పోకుండా చిన్న ప్రతిని చదివితే చాలు.

తర్వాత హద్దుల పొరకు స్థల సూచిక. ఏ పొలం ఏ మూలన ఉందో ముందే పెట్టెలుగా గుంపు కట్టి రాసుకునే పద్ధతి అది. 1984లో ఆంటొనిన్ గుట్‌మన్ ప్రతిపాదించిన ఆర్-ట్రీ చాలాచోట్ల దానికి ఆధారం. సూచిక లేకపోతే తెర మీద కనిపించే నాలుగు పొలాల కోసం ఫైలులోని పొలాలన్నిటినీ తడమాలి.

చివరిది ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు. యూటీఎం పద్ధతి భూగోళాన్ని 6 డిగ్రీల చొప్పున 60 జోన్లుగా కోస్తుంది. 43, 44 జోన్ల మధ్య గీత 78 డిగ్రీల తూర్పు రేఖాంశం. రాష్ట్రంలో ఎక్కువ భాగం 44లో పడితే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఆ గీతకు పడమర, 43లో ఉన్నాయి. అదే జిల్లాలోని కదిరి గీత దాటి 44లో ఉంది. ఆమె దగ్గరున్న రోడ్ల పొర 44లో తయారైంది. గీసిన ప్రతిసారీ ప్రతి మలుపు బిందువునూ యంత్రం 43లోకి లెక్కగట్టి మార్చుతోంది. ఆమె ఒక్కసారి మార్చి, మారిన దాన్ని కొత్త ఫైలుగా దాచేస్తుంది.

పెద్దాయన తిరిగొస్తాడు. "తూర్పుకు" అంటాడు. పటం ఆయన వేలితోపాటు జరుగుతుంది. "బావి కాడికి పోనీ. ఆ చింతమాను కనిపిస్తాందా? దాని ఈ పక్కది నాది. ఆ వంక మా నాయన కాలంలో ఇట్ల లేదు." ఇందాక ఒక్క ప్రశ్న అడిగి ఊరుకున్న మనిషి ఇప్పుడు పటాన్ని తనే నడిపిస్తున్నాడు. మధ్యలో ఆమె అడుగుతుంది, ఆయన జవాబిస్తాడు. ఆమె రాసుకుంటుంది. వంక దారి మారిందన్న సంగతి ఏ ఫైల్లోనూ లేదు. పటం మొరాయించి ఉంటే ఈ గదిలో ఆ మాట వినబడేదే కాదు. పటం వేగం పెంచడానికి ఇంతకన్నా గట్టి కారణం అక్కర్లేదు.

పెనుకొండ

గుంతకల్లు-బెంగళూరు రైలుమార్గం మీద హిందూపురం నుంచి ఉత్తరానికి వచ్చి, ఇప్పుడు మీరు పెనుకొండ కొండెక్కుతున్నారు. 1565లో విజయనగరం పడ్డాక తిరుమల దేవరాయలు రాజధానిని తెచ్చుకున్న చోటు ఇది. కింద గగన్ మహల్, కోట గోడల తునకలు, వాటి మధ్య ఇళ్లు. బండల మీద ఎండ చురుక్కుమంటోంది. మీ చేతిలో సర్వేయరు అమ్మాయి ఇచ్చిన ట్యాబ్. ఫోనులో సిగ్నలు గీతలు ఒక్కటొక్కటిగా పోయాయి. ట్యాబ్‌లో పటం మాత్రం వేలు ఎటు జరిపితే అటు వస్తూనే ఉంది.

అది ఇక్కడ గీస్తున్న పటం కాదు. ముందే గీసి, కోసి, నింపుకుని తెచ్చినది. తెర మీద అంచులు తెలియకుండా కలిసిపోయిన ఒక్కో చతురస్రం ఒక టైలు, అడ్డంగా 256 చుక్కలు, నిలువుగా 256. 2005 ఫిబ్రవరిలో గూగుల్ మ్యాప్స్ ఈ పద్ధతితోనే జనం అలవాటును మార్చింది. అంతకుముందు వెబ్‌లో పటాన్ని పక్కకు జరిపితే సర్వర్ కొత్త బొమ్మ గీసి పంపేదాకా కూర్చోవాల్సి వచ్చేది. 2009 ఆగస్టులో హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం 'భువన్' తెచ్చాక మన ఉపగ్రహాల చిత్రాలూ ఇలా చూసుకునే వీలు కలిగింది. 2010లో డబ్ల్యూఎంటీఎస్ ప్రమాణం వచ్చి, ఎవరి టైళ్లనైనా ఎవరి సాఫ్ట్‌వేర్ అయినా అడిగి తీసుకునే దారి ఏర్పడింది.

టైళ్లకు నంబర్లుంటాయి. వేళ్లతో పటాన్ని చిన్నది చేయండి. జూమ్ 0 దగ్గర భూమంతా ఒకే టైలు. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా ప్రతి టైలూ నాలుగవుతుంది. జూమ్ 6 దగ్గర ఈ రోజు మీరు చూసే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఒక్క టైలులోనే ఉన్నాయి, అడ్డం 45, నిలువు 29. జూమ్ 10కి రండి. ఇక్కడ ఒక టైలు వెడల్పు నేల మీద సుమారు 38 కిలోమీటర్లు. హిందూపురం 732, 472లో పడింది. పెనుకొండ దానికి నేరుగా పైన 732, 471. ధర్మవరం ఇంకో గడి పైకి, ఒక గడి తూర్పుకు, 733, 470. మీరు ఉదయం నుంచి చేస్తున్న ప్రయాణం ఈ మూడు గళ్ల మీదే సాగుతోంది.

ఇంకా లోపలికి వెళ్లండి. జూమ్ 18 దగ్గర ఒక చుక్క నేల మీద సుమారు 58 సెంటీమీటర్లు. అక్కడ ఈ మూడు గళ్లూ 1,96,608 టైళ్లవుతాయి. అన్నీ ముందే గీసి పెట్టుకోవాలా? చుట్టూ చూడండి, జవాబు కనిపిస్తుంది. బోడి గుట్టలు, ముళ్లపొదలు, బండలు. వీటి టైళ్లను ఏడాదిలో ఎవరైనా ఒకసారి అడుగుతారేమో. ఊళ్లు, చెరువులు, కాలువ వెంట పొలాలు మాత్రం రోజూ చూస్తారు. అందుకే పని తెలిసినవాళ్లు పై మెట్లన్నీ ముందే గీసిపెట్టి, కింది మెట్లలో ఎక్కువగా అడిగే చోట్లకే ఆ శ్రమ పడతారు. మిగతావి మొదట అడిగినవారికి గీసిచ్చి, గీసినదాన్ని దాస్తారు. రెండోవారికి దాచిందే ఇస్తారు.

ఇప్పుడు ట్యాబ్‌లో పటాన్ని హైవే వెంట, పెనుకొండ దగ్గర్లోని ఎర్రమంచికి పోనివ్వండి. జూమ్ 15 దగ్గర ఎర్రటి చేలు, చెట్లు, సన్నటి బాటలు. ఒక మెట్టు దిగండి. చేలు మాయం. పెద్ద పెద్ద కప్పులు, వరసగా నిలిపిన కార్లు. కళ్లు నులుముకుని మళ్లీ పైకి వెళ్తే మళ్లీ చేలే. 2017 ఏప్రిల్‌లో ఇక్కడ కియా కార్ల ఫ్యాక్టరీకి ఒప్పందం కుదిరింది, 2019లో కార్లు బయటికి రావడం మొదలైంది. మీ ట్యాబ్‌లోని ఒక మెట్టు టైళ్లు ఆ ఒప్పందానికి ముందు గీసినవి, కింది మెట్టువి తర్వాత గీసినవి. రెండూ అంతే వేగంగా వస్తున్నాయి. తప్పుడు పటం ఒప్పు పటంకన్నా నెమ్మదిగా రాదు, మొహం మీద ఏ గుర్తూ పెట్టుకుని రాదు.

పేర్ల పొర వేసి చూడండి. ఒక టైలు మీద 'అనంతపురం జిల్లా' అని సగం అక్షరాలు, దాన్ని ఆనుకున్న టైలు మీద 'శ్రీ సత్యసాయి జిల్లా' అని సగం. 1882లో ఏర్పడిన అనంతపురం జిల్లా నుంచి ఈ ప్రాంతం విడిపోయి, పుట్టపర్తి కేంద్రంగా కొత్త జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4న. కొండ కదల్లేదు, రైలు పట్టాలు కదల్లేదు. జిల్లా పేరు మాత్రం ఒక్క రోజులో మారింది. కొండనూ పేరునూ కలిపి ఒకే బొమ్మగా అచ్చు గుద్ది దాచినవాళ్లు ఆ పేరు కోసం కొండను కూడా మళ్లీ గీయాల్సి వచ్చింది. రెంటినీ వేరు పొరలుగా దాచి ఉంటే పేర్ల టైళ్లు మాత్రం మార్చితే సరిపోయేది.

ఈ కొండ మీద నిలబడి దక్షిణానికి చూస్తే బెంగళూరు దిక్కు, ఉత్తరానికి గుత్తి దిక్కు. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే ఈ రెంటి నడుమ నుంచే సాగింది. 1804లో బెంగళూరు దగ్గర ఒక ఆధార రేఖను గొలుసుతో కొలిచారు. అక్కడినుంచి కొండ కొండకూ కోణాలు చూస్తూ, ఒక త్రికోణం భుజాన్ని తర్వాతి త్రికోణానికి అందిస్తూ వచ్చారు. ప్రతి దూరాన్నీ మళ్లీ నేల మీద కొలవలేదు, దాచుకున్న లెక్క మీదే ముందుకు నడిచారు. కానీ ఆ లెక్కనూ గుడ్డిగా నమ్మలేదు. 1811లో గుత్తి దగ్గర ఆగి, మళ్లీ గొలుసు పరిచి, లెక్క చెప్పిన పొడవూ నేల చెప్పిన పొడవూ కలుస్తున్నాయో లేదో చూశారు. ట్యాబ్‌లో ఎర్రమంచి చేలను చూస్తున్న మీకు ఆ జాగ్రత్త విలువ ఇప్పుడు తెలుస్తుంది.

ధర్మవరం

సాయంత్రానికి ధర్మవరం. జంక్షన్ దాటి ఊళ్లోకి రాగానే మగ్గాల చప్పుడు వినబడుతుంది. ఒక ఇంట్లోకి తొంగిచూడండి. గుంటలో కాళ్లు వేసుకుని కూర్చున్న నేతగాడు తొక్కుడు చెక్క నొక్కిన ప్రతిసారీ తల మీద జకార్డులో ఒక అట్ట తిరుగుతుంది. అట్టకు కొట్టిన రంధ్రాల ప్రకారం కొన్ని పడుగు పోగులు లేస్తాయి, వాటి కింద నుంచి పేక దూసుకుపోతుంది. హంసలో, మామిడి పిందెలో, డిజైను గీసే మనిషి గళ్ల కాగితం మీద ఒకసారి ఆలోచించి గీశాడు. ఆ ఆలోచన అట్టల్లోకి ఎక్కింది. ఆ తర్వాత ఎన్ని చీరలు నేసినా మళ్లీ గీయనక్కర్లేదు. కొంగు మార్చాలంటే కొంగు అట్టలే మారుస్తారు, మిగతావి అలాగే ఉంటాయి. పటంలో కాష్ చేసే పని సరిగ్గా ఇదే.

అయితే డిజైను మారాలో వద్దో చెప్పేది నేయించేవాళ్లు. నేల మారడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చెరువు కట్ట మీదికి రండి.

పొద్దున హిందూపురం దగ్గర చూసిన సర్వేయరు అమ్మాయి అక్కడే ఉంది. ఇక్కడి సర్వేయరు ఆమె స్నేహితురాలు. ఇద్దరూ కట్ట మీద కూర్చుని ఒకే ల్యాప్‌టాప్‌లోకి వంగి చూస్తున్నారు. తెర మీద చెరువు ఇప్పుడు నీళ్లున్న దానికన్నా పెద్దగా కనిపిస్తోంది. నీలం రంగు మేరలో నిజంగా ఇప్పుడు గడ్డి మొలిచింది, ఆవులు మేస్తున్నాయి.

"ఈ నీళ్లు ఎప్పటివి మ్మే?"

"వానలప్పుడివి. దాచిపెట్టిందాన్నే చూపిస్తా ఉంది."

2021 నవంబరులో చిత్రావతి నది పొంగినప్పుడు ఇక్కడివాళ్లు చూశారు, ఒక్క రాత్రిలో నీటి పటం ఎంత మారుతుందో. అలాంటి రోజున నిన్నటి టైలు చూసి వాగు దాటవచ్చని చెబితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఆ ఇద్దరూ ఇప్పుడు చేస్తున్న పని ఈ రోజంతటిలోకీ ముఖ్యమైనది. పొరల జాబితా ముందేసుకుని, ఒక్కోదాని పక్కన ఆయుష్షు రాస్తున్నారు.

కొండలు, ఎత్తుల గీతలు, చెరువు కట్టలు: ఏళ్ల తరబడి ఉంచవచ్చు. రైలుమార్గం, పెద్ద రోడ్లు: పని జరిగినప్పుడు మార్చాలి. డ్రోన్ చిత్రం: మళ్లీ ఎగరేసేదాకా, దాని మీద తీసిన తేదీ తప్పక కనబడాలి. నీటి విస్తీర్ణం: సెంటినెల్-2 ఉపగ్రహాల జత 5 రోజులకోసారి ఈ నేల మీదుగా పోతుంది. కాబట్టి దాచిన టైలు 5 రోజులకు మించి బతకకూడదు. వరద రోజుల్లో అసలు దాచకూడదు. పొలాల హద్దులు: భాగాలు పంచుకున్నా, అమ్మినా, కొన్నా ఆ పొలం పడిన టైళ్లను ఆ రోజే కొట్టేసి మళ్లీ గీయాలి. మిగతా ఊరి జోలికి పోనక్కర్లేదు.

మీరు గమనించారా? ఆయుష్షు రాస్తున్నప్పుడు వాళ్లు యంత్రం గురించి ఒక్క మాటా మాట్లాడుకోలేదు. ఏ వంక ఎప్పుడు పారుతుంది, ఏ ఊళ్లో పంపకాలు ఎక్కువ, ఏ చెరువు ముందు ఎండుతుంది, ఇవే మాటలు. ఈ నేలలో ఏది నిలుస్తుందో ఏది కదులుతుందో తెలిసినవాళ్లే కాష్‌ను సరిగ్గా అమర్చగలరు. దూరాన ఉన్న సర్వర్ గదిలో ఎంత నిపుణుడైనా హిందూపురం పల్లెలో వంక దారి మారిందని చెప్పలేడు. ఆ మాట మల్బరీ తోట పెద్దాయన చెప్పాలి, విన్నవాళ్లు రాసుకోవాలి, రాసుకున్నవాళ్లు పాత టైలును కొట్టేయాలి. ఈ వరసలో ఒక్క మెట్టు తప్పినా ఎర్రమంచి చేల లాంటి అబద్ధం తెర మీద నిజంలా చలామణీ అవుతుంది.

మీ ఊళ్లోనూ ఎవరో ఒకరు ఇలాంటి పటం ముందు కూర్చునే ఉంటారు, అది సర్వే కావచ్చు, మంచినీటి పైపులు కావచ్చు, వరద హెచ్చరికలు కావచ్చు. పటం నెమ్మదిస్తే కొత్త యంత్రం కొనే ముందు పొరలు విడదీయండి. మారనివాటిని ఒకసారి గీసి దాచండి. తర్వాత ప్రతి పొర పక్కనా రెండు సంగతులు రాయండి: ఇది ఎప్పుడు మారుతుంది, మారిందని ఎవరు చెబుతారు. మొదటిదానికి జవాబు తెలిస్తే పటం వేగంగా నడుస్తుంది. రెండోదానికి ఒక మనిషి పేరు రాయగలిగితేనే ఆ వేగాన్ని నమ్మవచ్చు.